అడ్వాన్స్ ఆరు నెలలా? కొత్త అద్దె చట్టం వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: నిజాంపేటలో 19 వేల అద్దెకు ఉంటున్నాం. పాప స్కూలు కోసం జూన్‌లోగా నల్లగండ్లకు మారాలి. అక్కడ ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నచ్చింది. అద్దె 28 వేలు, మెయింటెనెన్స్ 3,500. ఓనర్ అమెరికాలో స్థిరపడ్డారు, ఇక్కడ వాళ్ల మామగారు చూసుకుంటున్నారు. ఆయన ఆరు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. కొత్త చట్టం ప్రకారం రెండు నెలలకు మించి తీసుకోకూడదని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తున్నాయి. విజయవాడలో ఉండే మా అన్నయ్య కూడా అదే చెప్పాడు. ఆ చట్టం వచ్చేదాకా ఆగుదామని మావారి మాట. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 96 వేలు వస్తాయి. దాచుకున్నది ఎఫ్‌డీలో 2,40,000 ఉంది. పర్సనల్ లోన్ తీసుకోవాలా? పాత ఓనర్ దగ్గర మా అడ్వాన్స్ 57 వేలు ఉంది. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకుంటానని ఆయన ముందే అంటున్నారు. మేం ఖాళీ చేస్తున్నట్టు ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: చట్టం కోసం ఆగకండి. ఆరు నెలల అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. పర్సనల్ లోన్ అసలే వద్దు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది అడ్వాన్స్ కాదు, ‘ఓనర్ అమెరికాలో’ అన్న ముక్క. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు మీరు అడిగినదానికి వస్తాను.

వాట్సాప్‌లో తిరుగుతున్న ‘రెండు నెలలు’ గాల్లోంచి పుట్టింది కాదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో అది ఉంది. నివాస గృహానికైతే రెండు నెలల అద్దె, షాపులూ ఆఫీసుల్లాంటి వాటికైతే ఆరు నెలల అద్దె, అడ్వాన్స్ అంతకు మించకూడదు. కానీ అది పేరుకు తగ్గట్టే మోడల్. ఇల్లు, అద్దె రాష్ట్రాల పరిధిలోని విషయాలు. రాష్ట్రం దాన్ని పరిశీలించి, మార్పులేవైనా ఉంటే చేసి, తన శాసనసభలో చట్టం చేస్తేనే అది ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. మీ అన్నయ్య చెప్పింది కూడా పూర్తిగా తప్పు కాదు. ఆంధ్రప్రదేశ్ 2017లోనే అద్దె ఇళ్లకు విడిగా కొత్త చట్టం చేసుకుంది. కానీ అది ఆంధ్రప్రదేశ్ వరకే. నల్లగండ్లలో ఆ చట్టం చూపిస్తే మామగారు నవ్వి ఊరుకుంటారు.

తెలంగాణలో అద్దె ఇళ్లకు ఉన్న ప్రత్యేక చట్టం ఉమ్మడి రాష్ట్రం నాటిది, 1960లో వచ్చిన రెంట్ కంట్రోల్ చట్టం. మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఇప్పుడు గది దొరకడమే కష్టం! కాబట్టి మీలాంటి వాళ్లకు మిగిలేవి రెండే. ఒకటి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. రెండోది, మీరు సంతకం పెట్టే అగ్రిమెంట్. నెలనెలా సాగే అద్దెకు వేరే షరతేమీ రాసుకోకపోతే, ఆ పాత చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు. స్కూలుకెళ్లే పాప ఉన్న ఇంటికి పదిహేను రోజులంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

సరే, రేపే చట్టం వచ్చిందనుకుందాం. అప్పుడైనా మీకు ఎంత మిగులుతుంది? మోడల్ చట్టం అద్దెకు పరిమితి పెట్టదు. అద్దె ఎంతన్నది ఇద్దరూ మాట్లాడుకోవాల్సిందే. అడ్వాన్స్ రెండు నెలలకు తగ్గిస్తే ఆ లోటును అద్దెలో చూసుకునే ఓనర్లు ఉండనే ఉంటారు. పైగా అది ముందుకు మాత్రమే వర్తించేలా రాశారు, పాత ఒప్పందాల జోలికి పోదు. జూన్ దాటితే స్కూలు మొదలైపోతుంది. ఎప్పుడొస్తుందో తెలియని చట్టం కోసం పాపను రోజూ నిజాంపేట నుంచి బస్సులో తిప్పడంలో నాకైతే లాభం కనబడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆరు నెలల అడ్వాన్స్ అంటే 1,68,000. మొదటి నెల అద్దె 28 వేలు, బ్రోకర్ ఉంటే పదిహేను రోజుల అద్దె 14 వేలు, సామాను తరలింపుకు ఒక 12 వేలు వేసుకోండి. మొత్తం 2,22,000. మీ ఎఫ్‌డీలో మిగిలేది 18 వేలు. కొత్త ఇంట్లో నెల ఖర్చు ఎంత లేదన్నా 65 వేలు ఉంటుందని నా అంచనా. ఇద్దరిలో ఒకరి జీతం ఒక్క నెల ఆగినా క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తుంది. అడ్వాన్స్ అంటే ఓనర్‌కు వడ్డీ లేకుండా, హామీ లేకుండా మీరిచ్చే అప్పు. మీ అత్యవసర నిధి మొత్తం ఒక్కరికే అప్పుగా ఇస్తారా?

పర్సనల్ లోన్ తీసుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. రెండు నెలలకూ ఆరు నెలలకూ మధ్య తేడా 1,12,000. దాన్ని 14 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 5,380 పడుతుంది. వడ్డీయే 17 వేలు. ఆ 17 వేలు ఏ ఓనరూ తిరిగివ్వడు.

ఇక చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అదే 1,12,000 ఎఫ్‌డీలో 7 శాతానికి ఉంటే నెలకు 650 రూపాయలు వస్తుంది. అంటే ఎక్కువ అడ్వాన్స్ వల్ల మీరు పోగొట్టుకునే వడ్డీ అంతే. ఖాళీ చేసేటప్పుడు ‘పెయింటింగ్‌కి ఒక నెల’ అని 28 వేలు కోసేస్తే, రెండేళ్లు ఉన్నారనుకున్నా నెలకు 1,167 పడినట్టు. అడ్వాన్స్ ఎన్ని నెలలని అందరం గంటలకొద్దీ బేరమాడతాం. దాంట్లోంచి ఏం కోస్తారని మాత్రం అడగం. బేరం అసలు అక్కడ చేయాలి.

కాబట్టి మామగారి దగ్గర రెండు నెలలతో మొదలుపెట్టి మూడుకు ఒప్పించండి. నాలుగు దాటితే ఆ ఇల్లు వదిలేయండి. ఆయన ఆరు అడగడానికి కారణం దురాశే అని నేననుకోను. అద్దెదారు ఖాళీ చేయకుండా మొండికేస్తే సివిల్ కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాలని ఓనర్లకు భయం, అందులోనూ అల్లుడు అమెరికాలో ఉంటే మరీను. మోడల్ చట్టంలోనూ ఆ భయానికి మందుంది. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలి. ‘గడువు దాటి ఉంటే రెట్టింపు కడతాం’ అని మీరే అగ్రిమెంట్‌లో రాయిస్తామనండి. ఇద్దరి ఆఫీసు ఐడీలు, ఇప్పటి ఓనర్‌కు అద్దె టైముకు కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించండి. మూడు నెలలకు దిగడానికి ఇవి బాగా పనికొస్తాయి.

చట్టం రాకపోయినా అందులోని మంచిమాటలు మీ అగ్రిమెంట్‌లోకి తెచ్చుకోవడానికి ఎవరూ అడ్డుచెప్పరు. తాళాలిచ్చిన రోజే అడ్వాన్స్ వాపసు. ఇల్లు చూడటానికి వస్తే ఒక రోజు ముందు చెప్పాలి. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఎంత శాతమో ఇప్పుడే రాసుకోవాలి. ఖాళీ చేయడానికి ఇద్దరికీ రెండు నెలల గడువు, ఇది మాత్రం నా సలహా. రిపేర్ల దగ్గర కూడా మోడల్ చట్టం స్పష్టంగా ఉంది. గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, పైపులైన్లు, వైరింగ్ ఓనర్ బాధ్యత. కుళాయి వాషర్లు, స్విచ్‌లు, సాకెట్లు, డ్రైనేజీ క్లీనింగ్, గీజర్ రిపేరు అద్దెదారు చూసుకోవాలి. దీన్ని ఉన్నదున్నట్టు రాయించండి. ఇంకో రెండు మాటలు నా తరఫున కలపండి: కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దగ్గర ఉండే ఉమ్మడి నిధి), పెద్ద రిపేర్లకు అసోసియేషన్ వేసే వసూళ్లు ఓనర్‌వే. ఫ్లాట్ అమ్మితే అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలో కూడా రాయాలి. వేసవిలో ట్యాంకర్ల ఖర్చు 3,500 మెయింటెనెన్స్‌లోనే కలిసుందా, విడిగా పంచుతారా అని మామగారిని కాకుండా పక్క ఫ్లాట్ వాళ్లను అడగండి. చేరే రోజు ప్రతి గదికీ వీడియో తీసి ఓనర్‌కు పంపించండి.

అగ్రిమెంట్‌ను చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. పదకొండు నెలలకు రాసుకున్నా ఫర్వాలేదు, కానీ పునరుద్ధరణ షరతు పెట్టించండి.

ఇక అమెరికా సంగతి. ఇక్కడ ఉండే ఓనర్‌కైతే నెల అద్దె 50 వేలు దాటితేనే మీలాంటి వాళ్లు టీడీఎస్, అంటే అద్దెలోంచి ముందే పన్ను, కోయాలి. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ పరిమితి లేదు. అద్దె ఎంతైనా సరే, సెస్‌తో కలిపి 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది అద్దెదారే. మీ 28 వేలలో 8,736 ప్రభుత్వానికి, మిగిలిన 19,264 ఓనర్‌కు వెళ్లాలి. మీరు కోయకుండా మొత్తం ఇచ్చేశారనుకోండి, రేపు ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. ఏడాదికి లక్ష పైమాట, వడ్డీ వేరే. చాలామంది మామగారి ఖాతాలో అద్దె వేసేసి, మామగారు ఇక్కడి మనిషే కదా అనుకుంటారు. ఫ్లాట్ ఎవరి పేరున ఉందో, అద్దె ఎవరి ఆదాయమో, అదే లెక్క. అడ్వాన్స్ నెలల గురించి ఇంత చర్చించే మనం, దానికి ఎన్నో రెట్లు బరువైన ఈ విషయం దగ్గర మౌనంగా దాటిపోతాం.

అందుకే అడ్వాన్స్ మాట ఎత్తేముందు ఈ మాట ఎత్తండి. ఓనర్ పాన్ తీసుకోండి, మీరు టాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే నంబరు) తీసుకోవాలి, చలాన్లకూ రిటర్నులకూ ఒక సీఏను పెట్టుకోండి. ఆ ఫీజు ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోండి, నన్నడిగితే ఓనరే భరించాలి. ఇంత పన్ను ఎక్కువనిపిస్తే తక్కువ కోతకు ఓనరే ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అగ్రిమెంట్‌పై సంతకం మామగారిదైతే ఆయన పేరున ఉన్న పవర్ ఆఫ్ అటార్నీ కాపీ చూడండి. అడ్వాన్స్, అద్దె రెండూ ఓనర్ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) పంపండి. ‘అదంతా ఎందుకమ్మా, నగదు ఇచ్చేయండి’ అన్నారంటే, ఎంత గాలీ వెలుతురూ ఉన్నా ఆ ఇల్లు మీకొద్దు. నల్లగండ్లలో, తెల్లాపూర్‌లో టు-లెట్ బోర్డులకు కొదవలేదు. ఇక్కడే ఉండే ఓనర్ దొరికితే ఈ తలనొప్పే ఉండదు, వెయ్యి రూపాయలు ఎక్కువైనా నేను అటే మొగ్గుతాను.

పాత ఓనర్ విషయంలో మీకు ఒక వెసులుబాటు ఉంది. ఖాళీ చేస్తున్నట్టు ఇంకా చెప్పలేదన్నారు కదా. ఇప్పుడే చెప్పి, చివరి రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లో సర్దుకోమని అడగండి. ఒప్పుకుంటే ఆ మాట మెసేజ్‌లోనైనా రాయించుకోండి. అడక్కుండా మీ అంతట మీరే అద్దె ఆపేయడం మాత్రం వద్దు, బాకీ పడ్డట్టు అవుతుంది. అలా 38 వేలు మీ చేతిలో నిలుస్తాయి, ఆయన దగ్గర 19 వేలే ఉంటాయి. సరిగ్గా ఆయన పెయింటింగ్‌కు అడుగుతున్నంత! మీ అగ్రిమెంట్ తీసి చూడండి. నెల అద్దె పెయింటింగ్‌కు అని అందులో ఉంటే వాదించి లాభం లేదు. లేకపోతే బిల్లు చూపించమనండి, లేదా మీరే పెయింటర్‌ను పెట్టి వేయిస్తామనండి. చాలాసార్లు సగానికి తెగుతుంది.

మూడు నెలల అడ్వాన్స్‌కు ఒప్పుకుంటే మొత్తం ఖర్చు 1,38,000. పాత ఇంట్లో మిగిలిన 38 వేలు కలుపుకుంటే చేతిలో 1,40,000 ఉంటాయి, రెండు నెలల ఖర్చుకు సరిపడా. నాలుగు నెలలిచ్చినా 1,12,000 మిగులుతాయి. ఎఫ్‌డీ మొత్తం ఒకటే అయితే అడ్వాన్స్‌కు కావలసినంత తీసి మిగతాది మళ్లీ వేయండి. గడువుకు ముందు తీసినందుకు బ్యాంకు అర శాతమో ఒక శాతమో వడ్డీ తగ్గిస్తుంది, పెద్ద నష్టం కాదు. పాత ఓనర్ సర్దుబాటుకు ఒప్పుకోక, నెల రోజులు డబ్బు అటూ ఇటూ అయితే, ఆ కాస్త వ్యవధికి మాత్రం ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. 57 వేలు చేతికి రాగానే తీర్చేయండి.