షుగర్ జబ్బు లేని మా అమ్మకి షుగర్ 38

"షుగర్ వ్యాధి లేనివాళ్లకి షుగర్ పడిపోతుందా? ఒంట్లో గడ్డ హార్మోన్ తయారుచేస్తుందంటే నమ్మొచ్చా?" అని అడిగారు. నమ్మండి. మా ఇంట్లో రెండేళ్లు ఆ గడ్డదే రాజ్యం.

అది కార్తీక సోమవారం, అమ్మ ఉపవాసం. చుక్క కనబడే వేళకి తులసికోట దగ్గర అగ్గిపుల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దయింది, చేతులు వణుకుతున్నాయి. "ఏమైందమ్మా?" అంటే నా మొహం చూసి "మీరెవరండీ?" అంది. మేనత్త "శివుడు పూనాడురా" అంటూ కర్పూరం కోసం పరుగెత్తింది. నాన్నకి షుగర్ ఉంది. ఇన్సులిన్ ఎక్కువైన రోజు ఆయనకీ ఇవే చెమటలు. ఎందుకో ఆయన మీటరు తెచ్చి అమ్మ వేలికి పొడిచాను. 38! పంచదార నీళ్లు తాగించాం. పది నిమిషాలకి "ఏరా, దీపం కొండెక్కిందా?" అంది. మధ్యలో జరిగిందేదీ గుర్తులేదు.

అంతకుముందు కూడా తెల్లవారుజామున తికమకగా మాట్లాడేది. ఒక డాక్టరు టెన్షన్ అని నిద్రమాత్రలు రాశాడు, ఇంకొకాయన ఫిట్స్ అన్నాడు. ఏదైనా తింటే తేరుకుంటున్నానని అమ్మే కనిపెట్టి, తిని తిని పది కిలోలు పెరిగింది. "కోడలొచ్చాక సుఖం ఒంటబట్టింది" అని చుట్టాల వేళాకోళం ఒకటి.

ఆస్పత్రిలో 72 గంటల ఉపవాస పరీక్ష పెట్టారు. పదిహేనో గంటకే షుగర్ పడిపోయింది. షుగర్ తగ్గితే క్లోమం ఇన్సులిన్ కొళాయి కట్టేస్తుంది. గడ్డకి ఆ బుద్ధి ఉండదు. గ్లూకోజ్ అందక మెదడు మసకబారుతుంది. డాక్టరు ముందు నాన్ననే అనుమానించారు, ఇన్సులిన్ పొడిచారేమోనని! ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. సి-పెప్టైడ్ ఎక్కువగా వచ్చింది. ఇంజక్షన్ ఇన్సులిన్‌లో అది ఉండదు, సొంత క్లోమంలోనే ఇన్సులిన్‌తో పాటు పుడుతుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు మింగినా పెరుగుతుందని ఆ పరీక్షా చేశారు. నాన్న నిర్దోషి.

సీటీ స్కాన్‌లో ఏమీ కనబడలేదు. నోట్లోంచి గొట్టం దింపి చేసే అల్ట్రాసౌండ్‌లో క్లోమంలో దొరికింది, ఇన్సులినోమా, అంటే ఇన్సులిన్ కార్చే గడ్డ, కుంకుడు గింజంత. ఇవి చాలావరకు క్యాన్సర్ కావట. ఈ జాతి గడ్డల్లో గ్యాస్ట్రిన్ కార్చేవైతే పొట్టలో పుళ్లు మానవు, సెరటోనిన్ కార్చేవాటితో మొహం ఎర్రబడి విరేచనాలు అవుతాయి. ఏ హార్మోనూ కార్చనివీ బోలెడు.

నా కోపమల్లా ఒకటే. ఎవరు తూలినా "బీపీ డౌన్" అనేస్తారు. ఇంట్లో మీటరున్నా అది షుగర్ ఉన్నవాళ్ల ఆస్తి అనుకుంటారు. మనిషి తేడాగా మాట్లాడితే ముందు వేలు పొడవాలి, హారతులూ న్యూరాలజిస్టులూ తర్వాత. దీనిమీద నాతో వాదించకండి.

గడ్డ తీసేశాక కొన్నాళ్లు అమ్మకి షుగర్ 200 దాటింది. ఇన్నాళ్లూ పనిలేక నిద్రపోయిన క్లోమంలోని మంచి కణాలు లేవడానికి టైం పడుతుందన్నారు, లేచాయి. ఈ కార్తీకంలో మళ్లీ ఉపవాసం ఉంటానంటోంది. నేను మీటరుకి కొత్త బ్యాటరీ వేసి దేవుడి గూట్లో పెట్టాను.