స్లోలో లైట్లు మసక, ఇంజిన్ ఊగుడు: డైనమో మార్చాలా?

ప్రశ్న: మాది 2012 మోడల్ డీజిల్ పికప్, కామన్ రైల్ ఇంజిన్. నిడమనూరు నుంచి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలుతాం. బండి స్లోలో ఉంటే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తుంటే, హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, ఇంజిన్ ఊగుతోంది. లైట్లు, వైపర్ కలిపి వేస్తే ఒక్కోసారి ఆగిపోతోంది. బ్యాటరీ నిరుడే మార్చాం. ఇప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో మార్చమంటున్నారు.

జవాబు: అప్పుడే మార్చకండి. నాలుగైదు వందలకు దొరికే మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి చూడండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 చూపితే నిండుగా ఉన్నట్టు. స్టార్ట్ చేసి కొంచెం రేస్ ఇస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. లైట్లన్నీ వేసి స్లోలో చూసినా 13కి కిందికి జారకూడదు.

జారిందా? వెంటనే డైనమో వెనక లావు వైరు బిగించిన బోల్టు దగ్గర కొలవండి. ఎర్ర ప్రోబ్ ఆ బోల్టుకు, నల్లది డైనమో బాడీకే. అక్కడ 14 దాకా ఉండి బ్యాటరీ దగ్గర 12.8 ఉంటే డైనమో మంచిదే, మధ్యలో వైర్లు తినేస్తున్నాయి. అక్కడా తక్కువే ఉంటే ముందు బెల్టు బిగువు చూడండి, ఆ తర్వాతే డైనమో లోపలి బ్రష్‌లు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్.

మీ లక్షణాలకు నా మొదటి అనుమానం ఎర్త్ పట్టీ. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, ఛాసిస్‌కు దాన్ని కలిపేది ఆ పట్టీయే. దాని లగ్ (బోల్టు కింద కూర్చునే కొన) కింద పచ్చటి చిలుము పేరుకుంటే డైనమో కరెంటు బ్యాటరీకి సరిగ్గా తిరిగి రాదు, సెన్సర్ల ఎర్త్ కూడా అటూ ఇటూ అవుతుంది. ఈసీఎంకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) తప్పుడు లెక్కలు వెళ్లి స్లో ఊగుతుంది. రుజువు కావాలంటే జంపర్ కేబుల్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది ఇంజిన్ మీది గట్టి బోల్టుకు పట్టించండి. లైట్లు వెలిగి స్లో నిలబడితే దొంగ దొరికినట్టే. మీటర్‌తోనైతే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ బ్లాక్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.3 వోల్టు దాటకూడదు.

పట్టీ విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. లగ్‌నూ, అది కూర్చునే చోటునూ రంగు పోయి మెరిసే లోహం కనిపించేదాకా గీకండి. బిగించాక పైన గ్రీజు రాయండి. పోగులు తెగిన పట్టీని అతకకండి, కొత్తది వేయండి.

డైనమో పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయనివ్వకండి. ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరి డైనమో డయోడ్లూ, ఈసీఎమ్మూ పోతాయి.

వోల్టేజీ 14 దగ్గర కదలకుండా ఉన్నా ఇంజిన్ ఊగుతుంటే అది డీజిల్ గొడవ. ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి నీళ్లు గాజు సీసాలోకి దించండి. ఫిల్టర్‌కు వచ్చే పైపు మధ్యలో అడుగు పొడవు పారదర్శక డీజిల్ గొట్టం పెట్టి చూడండి. బుడగలు వరుసగా పోతుంటే ట్యాంకు వైపు ఎక్కడో గాలి పడుతోంది, క్లిప్పులు మార్చండి. రెండూ బాగుంటే ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) మసి, ఇంజెక్టర్ల రిటర్న్ (వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్) చూపించాలి. పంపు దాటిన ఇనుప పైపుల నట్లు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా వదులు చేయొద్దు. లోడ్ మీద వాటిలో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

ప్రశ్న: జడ్చర్లలో నాలుగు రోజులు నిలిపితే మా పికప్ సెల్ఫ్ తీసుకోవడం లేదు.

జవాబు: తాళం తీసేసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్యలో మీటర్‌ను 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. 20 నిమిషాలు ఆగాక 50 మిల్లీఆంపియర్ల లోపుంటే పర్వాలేదు. 400 ఉంటే రోజుకు బ్యాటరీలోంచి దాదాపు 10 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఛార్జ్ కారిపోతున్నట్టు. ఒక్కో ఫ్యూజు పీకుతూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడండి. బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్‌కు విడి వైరు లాగి ఉంటే ముందు దాన్నే పీకండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ పాడవుతుంది.