ఎక్స్‌పైరీ తేదీ గీకేసిన మందు: కేసు పెట్టొచ్చా?

నాన్నగారి బీపీ మాత్రల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ తేదీ గీకేసి, పైన కొత్త స్టిక్కర్ అంటించారని రాశారు. పోలీసు కేసు అవుతుందా అని అడిగారు. ముందు ఆ స్ట్రిప్, బిల్లు పారేయకండి. షాపువాడు మార్చి ఇస్తానన్నా ఆ స్ట్రిప్ వెనక్కి ఇవ్వొద్దు.

తయారీదారు లేబుల్ మీద ముద్రించినదాన్ని మార్చడం, చెరపడం నేరుగా నిషిద్ధం (ఔషధ నిబంధనల్లో 104-ఏ). తేదీ దాటిన మందు అమ్మడమూ తప్పే. ఇలాంటివాటికి 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం సెక్షన్ 27(డి) కింద ఏడాది నుంచి రెండేళ్ల దాకా జైలు, కనీసం 20 వేల జరిమానా. మందే నకిలీదని తేలితే కథ వేరు: కనీసం 7 ఏళ్లు. దానివల్ల ప్రాణం పోయినా, తీవ్ర హాని జరిగినా కనీసం 10 ఏళ్లు, యావజ్జీవం దాకా. 2008 సవరణతో ఇంత కఠినం చేశారు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 276 కింద మందుల కల్తీకి మహా అయితే ఏడాదే జైలు, అందుకే ఔషధ చట్టమే గట్టిది.

స్టేషన్ చుట్టూ తిరిగే బదులు మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు (మందుల షాపులను తనిఖీ చేసే అధికారి) రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఔషధ చట్టం సెక్షన్ 26 కింద మీరే ఫీజు కట్టి ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు. గ్లూకోమీటర్ లాంటి పరికరాలకూ ఇదే చట్టం వర్తిస్తుంది.

నాన్నగారు ఆ మాత్రలు ఇప్పటికే వేసుకుని ఉంటే, టెన్షన్ పడకుండా ముందు డాక్టరుకు చూపించండి.