ట్విన్ టవర్స్ దుమ్మూ, మెదడు స్కానూ

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. మా పక్కింటాయన రిటైర్డ్ పోలీసు, 2001లో ట్విన్ టవర్స్ కూలినప్పుడు ఆ శిథిలాల దగ్గర నెలల తరబడి డ్యూటీ చేశాడు. ఇంకా అరవై నిండలేదు, చెప్పిందే చెప్తున్నాడు. ఏదో రీసెర్చ్ వాళ్ళు పెట్ స్కాన్‌కి పిలిచారంట, మెదడులో ప్రొటీన్ చూస్తారంట. మనం తినే పప్పులో ప్రొటీనేనా అది? కనబడితే అల్జీమర్స్ వచ్చేసినట్టేనా?

జవాబు: పప్పు నిశ్చింతగా తినండమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇవి మెదడు తనే తయారుచేసుకునేవి, అమిలాయిడ్ అనేది కణాల బయట గడ్డకడుతుంది, టావ్ అనేది కణం లోపల చిక్కుపడుతుంది. వీటికి అతుక్కునే మందుకి కొంచెం రేడియోధార్మికత తగిలించి నరంలోకి ఎక్కిస్తారు, కాసేపు ఆగాక స్కాన్ తీస్తే ఎక్కడ పేరుకుందో అక్కడ వెలుగుతుంది. ఎక్కువగా వాడేది ఫ్లోరిన్-18, దాని శక్తి 110 నిమిషాలకే సగమైపోతుంది కాబట్టి భయం అక్కర్లేదు.

వెలిగితే జబ్బేనా అంటే, కాదు. అమిలాయిడ్ ఉండి కూడా జ్ఞాపకం బ్రహ్మాండంగా ఉన్న పెద్దాళ్ళు బోలెడుమంది. మతిమరుపుతో పాటు నడిచేది ఎక్కువగా టావ్.

మరి వీళ్ళనే ఎందుకు పిలుస్తున్నారంటే, అక్కడ మంటలు మూడు నెలల పైనే రగిలాయి, సిమెంటు, గాజు పీచు, సీసం అన్నీ కలిసిన దుమ్ము పీల్చారు, చాలామంది మాస్కు కూడా లేకుండా. లాంగ్ ఐలాండ్‌లోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ వాళ్ళు అక్కడ పనిచేసినవాళ్ళలో అరవై, ఆ లోపు వయసున్న 5,010 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే 228 మందికి 65 దాటకముందే డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, వచ్చింది, 2024లో అచ్చయింది ఇది. దుమ్ము బాగా తగిలినవాళ్ళలో ఎక్కువ, మాస్కులూ, ఒంటిని కాపాడే సూట్లూ వేసుకున్నవాళ్ళలో చాలా తక్కువ. అలాగని దుమ్మే ఈ ప్రొటీన్ పేర్చిందని తేలిపోలేదు, ఆ రోజులు కళ్ళముందు తిరిగే పీటీఎస్‌డీ అనే మానసిక సమస్య కూడా ఇందులో ఉంది, స్కాన్లు తీసేది అది తేల్చడానికే.

నన్నడిగితే మీ పక్కింటాయన స్కాన్ కంటే ముందు మామూలు డాక్టర్‌కి చూపించుకోవాలి. బీ12 విటమిన్ తగ్గడం, థైరాయిడ్ తేడా, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, ఇవన్నీ మతిమరుపు తెస్తాయి, వీటికి మందుంది. రీసెర్చ్‌కి వెళ్తే మటుకు సంతకం పెట్టేముందే రిజల్ట్ తనకి చెప్తారో లేదో అడగమనండి, కొన్నిచోట్ల చెప్పరు. పక్కన వాళ్ళావిణ్ణి కూడా తీసుకెళ్తే మంచిది, ఆయన మర్చిపోయినవన్నీ ఆవిడకే గుర్తుంటాయి కదా.