మీ సందేహాలు: ఉక్కు పట్టాల మీద తలకిందులు

ప్రశ్న: ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు దాటినా ఏమీ అనిపించదు. రావిర్యాల వండర్‌లా పార్కులోని రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ అంతకన్నా తక్కువ వేగంతోనే పోతుందట. మరి దాని మీద గుండె జారినట్లు ఎందుకవుతుంది?
– ఒక పాఠకుడు, మణికొండ

సమాధానం: మన శరీరం వేగాన్ని గుర్తించలేదు, వేగంలో వచ్చే మార్పును మాత్రమే గుర్తిస్తుంది. ఔటర్ మీద కారు నిలకడగా పోతున్నంతసేపు పక్క సీటులోని వారు హాయిగా కునుకు తీయడానికి కారణం అదే. రీకాయిల్ నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ తయారుచేసే బూమరాంగ్ నమూనా కోస్టర్. ఈ నమూనా గరిష్ఠ వేగం సుమారు 75 కిలోమీటర్లే, పట్టా పొడవు 300 మీటర్ల లోపే. బండిని ముందుగా వెనక్కి లాగి, ఎత్తైన వాలు మీదికి చేర్చి వదిలేస్తారు. అది స్టేషను గుండా దూసుకువెళ్లి, పడగ విప్పిన నాగుపాములా మెలి తిరిగిన భాగంలో రెండుసార్లు, నిలువు చుట్టులో ఒకసారి తలకిందులై, ఎదుటి వాలు ఎక్కుతుంది. అక్కడ గొలుసు దానిని ఇంకొంత పైకి లాగి వదలగానే వచ్చిన దారినే వెనక్కి వస్తుంది కనుక మూడు తలకిందులు ఆరవుతాయి.

ఇక గుండె జారడం సంగతి. సీటు మనలను కింది నుంచి మోసే ఒత్తిడినే మనం బరువుగా భావిస్తాము. బండి కిందికి పడేటప్పుడు సీటు కూడా మనతోపాటే పడుతుంది కనుక ఆ ఒత్తిడి దాదాపు మాయమవుతుంది, కడుపులోని అవయవాలు తమ మామూలు బరువు కోల్పోయి తేలినట్లవుతాయి. నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ దిగేటప్పుడు కలిగే అనుభూతి కూడా ఇదే జాతికి చెందినది, కాకపోతే బాగా పలచన. కోస్టర్‌లో ఆ తేలికదనం తీరకముందే అడుగున రెట్టింపును మించిన బరువు మీద పడుతుంది. పైగా వెనక్కి పోయేటప్పుడు రాబోయే మలుపు కనబడదు కనుక మెడ కండరాలు ముందుగా బిగుసుకొనే వీలుండదు.

ప్రశ్న: కోస్టర్‌లోని లూప్ (నిలువు చుట్టు) గుండ్రంగా కాక కన్నీటి బొట్టులా ఎందుకుంటుంది?
– ఇంటర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: గుండ్రటి లూప్‌ను మనుషులు 1895లోనే న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో కట్టి చూశారు, మెడ నొప్పులు కొనితెచ్చుకున్నారు. మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని లెక్కే ఇక్కడ సరిపోతుంది. ఘర్షణను వదిలేస్తే, పూర్తి వృత్తం శిఖరాన్ని పడిపోకుండా దాటగల వేగం ఉన్న బండిలో, అడుగున ప్రయాణికుడి మీద సొంత బరువుకు ఆరు రెట్లు పడుతుంది. అంటే 60 కిలోల మనిషికి 360 కిలోలు! దీనికి విరుగుడు, వేగం ఎక్కువగా ఉండే అడుగున వంపును విశాలంగా, వేగం తగ్గే శిఖరాన బిగువుగా మలచడమే. సూటి దారి నుంచి మలుపులోకి రైలు కుదుపు లేకుండా ప్రవేశించడానికి వాడే, క్రమంగా బిగుసుకొనే ఈ వక్రరేఖ పేరు క్లోతాయిడ్. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో ప్రారంభమైన రెవల్యూషన్ కోస్టర్ కోసం జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ దీనిని ఆధునిక లూప్‌గా మలిచారు. మెలి తిరిగే చోట పట్టా చుట్టూ కాక, కూర్చున్న వారి గుండె చుట్టూ బండి తిరిగేలా రూపకల్పన చేసే పద్ధతికి కూడా ఆయనే ప్రాచుర్యం తెచ్చారు. నా దృష్టిలో లూప్ కంటే ఇదే గొప్ప ఆలోచన, ఎందుకంటే దీనివల్లనే తల అటూ ఇటూ విసురుగా కొట్టుకోవడం తగ్గింది. ఏ దిక్కుకైనా వంచగల ఉక్కు గొట్టపు పట్టా లేకపోతే ఇవేవీ సాధ్యమయ్యేవి కావు. ఆ పట్టా 1959లో డిస్నీల్యాండ్‌లోని మ్యాటర్‌హార్న్‌తో మొదలైంది.

ప్రశ్న: కరెంటు పోతే పిల్లలు తలకిందులుగా వేలాడిపోతారా?
– ఒక గృహిణి, సికింద్రాబాద్

సమాధానం: భయం సహజమే గానీ, అమ్మా, లూప్‌లో బండిని నడిపేది కరెంటు కాదు. పైకి లాగి వదిలిన తరువాత దానిని నడిపేది గురుత్వాకర్షణే. పట్టా మీద, పక్కన, అడుగున మూడు జతల చక్రాలు గొట్టాన్ని పట్టుకొని ఉంటాయి కనుక బండి ఊడిపడదు. అడుగు చక్రాలకు అమెరికాకు చెందిన జాన్ మిల్లర్ 1919లోనే పేటెంటు పొందారు. చాలా కొత్త కోస్టర్లలో బ్రేకులు శాశ్వత అయస్కాంతాలతో పనిచేస్తాయి, వాటికి విద్యుత్తే అక్కరలేదు. ఎప్పుడైనా వేగం చాలకపోతే బండి మామూలుగా ముందుకూ వెనక్కూ ఊగి, పట్టాలోని పల్లంలో నిలుస్తుంది.

ప్రశ్న: ముందు సీటా, వెనుక సీటా?
– ఇద్దరు మిత్రులు, ఉప్పల్

సమాధానం: మామూలు కోస్టర్‌లో శిఖరం దాటిన ముందు పెట్టెలు వెనుక పెట్టెను గుంజుకుపోతాయి కనుక సీటులోంచి లేచిపోయే అనుభూతి వెనుకనే ఎక్కువ, దృశ్యం మాత్రం ముందున్నవారి సొంతం. రీకాయిల్‌లో తిరుగు ప్రయాణం వెనక్కి సాగుతుంది కనుక ఈ లెక్క సగంలో తారుమారవుతుంది. మొదటి వాలు మీద అందరికంటే ఎత్తున, నేల వైపు చూస్తూ వేలాడేది చివరి వరుసవారే. మీలో ధైర్యవంతుడెవరో అక్కడ తేల్చుకోండి.