ఘనాలో చీఫ్‌లు అభివృద్ధి పనులకు అడ్డమా, సాయమా?

ఎన్నికైన జిల్లా అసెంబ్లీలు, అంటే స్థానిక ప్రభుత్వాలు ఉండగా ఘనాలో ఇంకా చీఫ్‌లతో, అంటే సంప్రదాయ పాలకులతో పనేమిటని అడిగారు. నేను అక్కడ అషాంటీ ప్రాంతంలో మూడేళ్లు బోర్లు వేయించే పని చూశాను. అసెంబ్లీ, చీఫ్ కలిసి నడవకపోతే ఏమవుతుందో మొదటి నెలలోనే తెలిసొచ్చింది.

అసెంబ్లీ ఇచ్చిన వర్క్ ఆర్డర్ పట్టుకుని రిగ్గు లారీతో ఒక ఊళ్లో దిగాం. ఆ రోజు గురువారం. అక్కడివాళ్లకు అది భూదేవి అసాసే యా రోజు, మట్టిని తవ్వకూడదు. కాగితం ఇచ్చినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊరి పెద్దలొచ్చి పని ఆపించారు. రిగ్గు తొమ్మిది రోజులు ఊరికే నిలబడింది, అద్దె మాత్రం ఆగలేదు. చివరికి అసెంబ్లీ అధికారి, ఆ ఏరియా నుంచి ఎన్నికైన సభ్యుడు, నేను ష్నాప్స్ అనే మద్యం సీసాలు తీసుకుని చీఫ్ దగ్గరికెళ్లాం. ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. పక్కన ఓక్యామే అని ఒకాయన ఉంటాడు, మన మాట ఆయన ద్వారానే వెళ్లాలి. నాకైతే ఒకటే టెన్షన్. ఒక గొర్రె జరిమానాతో సరిపోయింది. మర్నాడే దండోరా వేయించారు. శనివారానికి ఊరంతా వచ్చి లారీ వెళ్లే దారి చదును చేసింది.

అసలు సంగతి భూమి. దేశంలో దాదాపు 80 శాతం భూమి చీఫ్‌లు, వంశాల చేతుల్లోనే ఉంది. డబ్బు, ప్లాను, ఇంజినీరు అసెంబ్లీవి. 1992 రాజ్యాంగం చీఫ్ పదవికి రక్షణ ఇచ్చింది, పార్టీ రాజకీయాల్లో మాత్రం దిగొద్దంది.

పేచీ వచ్చేది లెక్కల దగ్గర. స్టూల్ ల్యాండ్స్ అంటే చీఫ్ గద్దె పేరున ఉన్న భూములు. వాటి ఆదాయంలో 10 శాతం నిర్వహణ ఖర్చులకు తీసేశాక, మిగిలినదాంట్లో 55 శాతం అసెంబ్లీకి, 25 శాతం గద్దెకు, 20 శాతం ఆ ప్రాంత చీఫ్‌ల సంప్రదాయ మండలికి వెళ్తుంది. అసెంబ్లీ వాటాకు ఆడిట్ ఉంటుంది. గద్దె వాటా ఎటు పోయిందని నేనున్న ఊళ్లలో అడిగినవాణ్ణి చూడలేదు. ఒకచోట బోరు చీఫ్ ఇంటి గోడ పక్కనే వేయించుకున్నారు. అవతలి పేటవాళ్లకు నీళ్ల నడక తగ్గలేదు. ఎన్నికైన సభ్యుడూ నోరెత్తలేదు, ఆయనకు మళ్లీ ఓట్లు కావాలిగా!

నేను చూసినంతలో బాగా నడిచిన బోర్లన్నీ, వాటిని చూసుకునే కమిటీలో ఒహెమా, అంటే రాణిమాత ఉన్న ఊళ్లవే. కొత్త చీఫ్ పేరు ప్రతిపాదించే పెద్దావిడ ఆవిడే. పంపు రిపేరు డబ్బు ఆవిడ దగ్గర ఉంచేవాళ్లు, లెక్క పుస్తకం అసెంబ్లీ మనిషి రాసేవాడు. వాషర్లు అరిగితే వారంలో కొత్తవి పడేవి.