అమెరికాలో మొదటి క్రెడిట్ కార్డు, ఆ తర్వాతే బోనస్‌లు

ఆగస్టులో మాస్టర్స్‌కి వచ్చిన పిల్లలు దసరా నాటికల్లా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఏ కార్డుకి అప్లై చేస్తే బోనస్ ఎక్కువొస్తుంది?" కొత్త కార్డు తీసుకుని మొదట్లో కొంత ఖర్చు పెట్టినందుకు బ్యాంకు ఒక సీనియర్‌కి 200 డాలర్లు ఇచ్చిందనో, ఇంకెవరో పాయింట్లతో హైదరాబాద్ టికెట్ కొనేశారనో అప్పటికే విని ఉంటారు. అవన్నీ నిజాలే. అయితే ఆ సీనియర్ ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళయింది, మొదట ఏ కార్డు తీసుకున్నాడు అన్నది ఎవరూ అడగరు. నా మాట వింటే, మొదటి ఏడాదంతా క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పు సమయానికి తీరుస్తారన్న రికార్డు, కట్టుకోవడానికే కేటాయించండి. అది ఉంటే బోనస్ ఇస్తాం రమ్మని బ్యాంకులే ఉత్తరాలు రాస్తాయి. అది లేకుండా పెద్ద కార్డులకు అప్లై చేస్తూ పోతే రిజెక్షన్లు, వాటితో పాటు మీ క్రెడిట్ రిపోర్టులో హార్డ్ ఎంక్వైరీలు (అప్లికేషన్ కోసం బ్యాంకు ఆ రిపోర్టు చూసిన గుర్తులు) మిగులుతాయి. ఒక్కో ఎంక్వైరీ రెండేళ్ళపాటు రిపోర్టులో కనిపిస్తూనే ఉంటుంది.

ఇండియాలో మీ సిబిల్ స్కోరు ఎంత బాగున్నా ఇక్కడి బ్యాంకులకు మామూలుగా కనిపించదు. ఇక్కడ ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోలు మన అప్పులు, చెల్లింపుల గురించి ఎవరి లెక్క వాళ్ళు రాసుకుంటాయి. ఆ లెక్కల మీద 300 నుంచి 850 మధ్య ఫైకో అనే క్రెడిట్ స్కోరు వస్తుంది. కనీసం ఒక అకౌంటుకి ఆరు నెలలు నిండితే గానీ ఆ స్కోరే పుట్టదు. దీనికి ఒక మంచి మినహాయింపు ఉంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2019లో నోవా క్రెడిట్ అనే సంస్థతో కలిసి, కొత్తగా వచ్చినవాళ్ళ సొంత దేశపు హిస్టరీ చూసే ఏర్పాటు చేసింది. అందులో ఇండియా కూడా ఉంది. అక్కడ నాలుగైదేళ్ళు ఉద్యోగం చేసి, కార్డు బిల్లులూ లోన్లూ సక్రమంగా కట్టి హెచ్1బీ మీద వచ్చినవాళ్ళు ముందు ఈ దారి ప్రయత్నించాలి. బీటెక్ అవగానే ఫ్లైట్ ఎక్కినవాళ్ళకి అక్కడా హిస్టరీ ఉండదు కాబట్టి ఇది పెద్దగా పనికిరాదు.

వాళ్ళకి ఉన్నవి రెండు దారులు: స్టూడెంట్ కార్డు, సెక్యూర్డ్ కార్డు. క్యాంపస్‌లో లైబ్రరీలోనో డైనింగ్ హాల్లోనో ఉద్యోగం దొరికితే ఎస్‌ఎస్‌ఎన్ (ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు) వస్తుంది, దానితో స్టూడెంట్ కార్డు అడగవచ్చు. డిస్కవర్ స్టూడెంట్ కార్డు మన పిల్లల్లో చాలామందికి మొదటి కార్డు. మూడు నెలలకోసారి మారే కేటగిరీల్లో 1,500 డాలర్ల ఖర్చు వరకు 5 శాతం, మిగతా వాటి మీద 1 శాతం ఇస్తుంది. మొదటి ఏడాది సంపాదించిన క్యాష్ బ్యాక్‌ని ఏడాది చివర రెట్టింపు చేస్తుంది. ఆ 5 శాతం రావాలంటే ప్రతి మూడు నెలలకీ యాప్‌లో యాక్టివేట్ చేసుకోవాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. ఇంకోటి, కాస్ట్‌కోలో డిస్కవర్ నడవదు, అక్కడ క్రెడిట్ కార్డుల్లో వీసా మాత్రమే తీసుకుంటారు. స్టూడెంట్ కార్డు రాకపోతే సెక్యూర్డ్ కార్డు తీసుకోండి. 200 డాలర్లు డిపాజిట్ కడితే సాధారణంగా అంతే లిమిట్ ఇస్తారు. కొన్ని నెలలు సరిగ్గా కట్టాక మామూలు కార్డుగా మార్చి డిపాజిట్ వెనక్కి ఇచ్చే బ్యాంకుని ఎంచుకోండి. డిపాజిట్ పెట్టి కార్డు తీసుకోవడం చిన్నతనం ఏమీ కాదు. స్కోరు లెక్కలో రెండు రకాల కార్డులకీ ఒకటే విలువ.

అప్లికేషన్లో మనవాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు దగ్గర. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి, గివెన్ నేమ్ ఖాళీగా వదిలేస్తే వీసా మీద 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. గివెన్ నేమ్‌లో "వెంకట సాయి కిరణ్" అని మూడు ముక్కలు ఉంటే, బ్యాంకు ఉద్యోగి వెంకటని ఫస్ట్ నేమ్, సాయి కిరణ్‌ని మిడిల్ నేమ్ చేస్తాడు. యూనివర్సిటీలో ఇంకోలా ఎక్కుతుంది, అపార్ట్‌మెంట్ లీజులో ఇంటిపేరు ముందుకొస్తుంది. బ్యాంకు కంప్యూటర్ ఇవన్నీ పోల్చి చూసి, మనిషిని గుర్తుపట్టలేక అప్లికేషన్ ఆపేస్తుంది. ఒక్కోసారి ఒకే మనిషికి బ్యూరోలో రెండు ఫైళ్ళు కూడా తయారవుతాయి. అందుకని ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మీద పేరు ఎలా ఉందో చెకింగ్ అకౌంటులో, లీజులో, కరెంటు బిల్లులో, కార్డు అప్లికేషన్లో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి. ముద్దుగా పెట్టుకున్న పొట్టి పేర్లు ఇక్కడ వద్దు. అడ్రసులో అపార్ట్‌మెంట్ నంబరు కూడా మర్చిపోవద్దు. నలుగురు రూమ్మేట్స్ ఏటా మారే ఇళ్ళలో కార్డు ఉత్తరం ఎవరి చేతికో వెళ్తుంది.

ఆదాయం గడిలో నిజమే రాయండి. 21 ఏళ్ళు నిండినవాళ్ళు అసిస్టెంట్‌షిప్ జీతంతో పాటు, ఇంటి నుంచి క్రమం తప్పకుండా తమ అకౌంట్లో పడే డబ్బు కూడా చూపించవచ్చు. 21 లోపు వాళ్ళకి సొంత ఆదాయమే లెక్క. 2009లో వచ్చిన కార్డ్ చట్టం పెట్టిన షరతు ఇది. చదువయ్యాక వస్తుందనుకుంటున్న జీతం ఇప్పుడు రాస్తే అది అబద్ధం కిందకే వస్తుంది. బ్యాంకుకి కావాలని తప్పుడు ఆదాయం చూపించడం ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవాళ్ళం, 200 డాలర్ల కోసం అలాంటి పని చేయకూడదు.

కార్డు చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. ఫైకో లెక్కలో 35 శాతం సమయానికి కట్టారా లేదా అన్నది, 30 శాతం బాకీలకు సంబంధించింది. మొదటిది తేలిక. ఆటోపే పెట్టండి, అందులో "మినిమమ్ డ్యూ" (కట్టాల్సిన కనీస మొత్తం) కాకుండా "స్టేట్‌మెంట్ బ్యాలెన్స్" (ఆ నెల బిల్లు మొత్తం) ఎంచుకోండి. రెండోది చాలామందికి అర్థం కాదు. బ్యాంకు సాధారణంగా స్టేట్‌మెంట్ రోజున ఉన్న బాకీనే బ్యూరోలకు పంపుతుంది. 500 లిమిట్‌లో 450 వాడి, డ్యూ డేట్‌కి పైసలతో సహా కట్టినా సరే, రిపోర్టులో 90 శాతం వాడేసినట్టే పడుతుంది. అందుకని స్టేట్‌మెంట్ రావడానికి రెండు మూడు రోజుల ముందే చాలా వరకు కట్టేసి, ఇరవై ముప్పై డాలర్లు ఉండనివ్వండి. స్టేట్‌మెంట్ వచ్చాక అది కూడా కట్టేయండి. బాకీ నెలనెలా కొంచెం కొంచెం మోస్తే స్కోరు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దానివల్ల పెరిగేది వడ్డీ ఒక్కటే. 24 శాతం వడ్డీ ఉన్న కార్డు మీద 1,000 డాలర్లు ఉంచితే నెలకి దాదాపు 20 డాలర్లు పోతాయి. పది నెలల్లో ఒక సైన్ అప్ బోనస్ అంతా అక్కడే హరించుకుపోతుంది. ఇక 30 రోజులకు పైగా ఆలస్యం చేస్తే ఆ మచ్చ ఏడేళ్ళు ఉంటుంది.

ఇలా ఏడాది గడిచి, స్కోరు 700 దాటాక బోనస్‌ల సంగతి చూద్దాం. మూడు నెలల్లో 500 డాలర్లు ఖర్చు పెడితే 200 ఇచ్చే కార్డుల్లాంటివి ఎప్పుడూ ఉంటాయి. అంటే ఖర్చు మీద 40 శాతం వెనక్కి వచ్చినట్టు. అదే 200 మామూలు 2 శాతం క్యాష్ బ్యాక్‌తో రావాలంటే 10,000 డాలర్లు ఖర్చు పెట్టాలి. అందుకే గ్రోసరీకి ఒక కార్డు, పెట్రోలుకి ఒక కార్డు అని తల బద్దలు కొట్టుకునే బదులు, అన్నిటికీ ఒక 2 శాతం కార్డు పెట్టుకుని, ఏడాదికి ఒకటో రెండో మంచి బోనస్‌లు తీసుకోవడమే నా లెక్కలో తెలివైన పని.

బోనస్‌ని ఎటూ తప్పని పెద్ద ఖర్చుతో జత చేయండి. మనకి అలాంటిది ఇండియా ప్రయాణం. వేసవిలో నలుగురున్న కుటుంబానికి టికెట్లు 5,000 డాలర్లు సులువుగా దాటుతాయి. మూడు నెలల్లో 4,000 ఖర్చు పెట్టాలన్న షరతు ఉన్న కార్డులకి ఆ ఒక్క బుకింగ్ చాలు. టికెట్లు కొనడానికి నెల ముందు అప్లై చేయండి. గడువు మామూలుగా కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాకుండా, అప్రూవ్ అయిన రోజు నుంచే నడుస్తుంది. యాన్యువల్ ఫీజు ఆ ఖర్చులో కలవదు. టికెట్ క్యాన్సిల్ చేసి రీఫండ్ తీసుకుంటే ఆ మొత్తం తీసేస్తారు, ఇచ్చిన బోనస్ కూడా వెనక్కి లాక్కోవచ్చు. యూనివర్సిటీ ఫీజు కార్డు మీద కట్టాలనిపిస్తుంది గానీ చాలాచోట్ల 2.5 నుంచి 3 శాతం దాకా అదనంగా తీసుకుంటారు. బోనస్ పూర్తి చేయడానికి తక్కువ పడిన మొత్తం వరకే అలా కట్టండి. కార్డు మీద ఇండియాకి డబ్బు పంపితే క్యాష్ అడ్వాన్స్‌గా (కార్డు మీద నగదు తీసినట్టు) లెక్కకట్టి, మొదటి రోజు నుంచే వడ్డీ వేయవచ్చు. అది బోనస్ లెక్కలోకి కూడా రాదు.

కార్డుల వరస కూడా ముఖ్యమే. రెండేళ్ళలో ఏ బ్యాంకుదైనా సరే ఐదు కొత్త కార్డులు తీసుకున్నవాళ్ళకి చేజ్ బ్యాంకు సాధారణంగా కార్డు ఇవ్వదు. అప్లై చేసినవాళ్ళ అనుభవంలో తేలిన విషయమిది. అందుకని చేజ్ కార్డులు కావాలనుకుంటే అవే ముందు తీసుకోండి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక కార్డు మీద బోనస్ సాధారణంగా జీవితంలో ఒక్కసారే ఇస్తుంది, కాబట్టి ఆఫర్ పెద్దగా ఉన్నప్పుడే తీసుకోవాలి. బోనస్ పూర్తవుతుందని స్నేహితుల ఖర్చులు మీ కార్డు మీద పెట్టకండి. రూమ్మేట్స్ కిరాణా పర్లేదు, వాళ్ళు సాయంత్రానికల్లా జెల్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే సేవ) చేస్తారు. ఎవరో పరిచయస్తుడికి 1,500 డాలర్ల టికెట్ కొనిచ్చి, అతను వేరే రాష్ట్రానికి మారిపోతే ఆ బాకీ మీదే.

రిజెక్ట్ చేస్తే వెంటనే ఇంకో బ్యాంకుకి పరిగెత్తకండి. కారణాలు చెబుతూ ఉత్తరం రావాలని చట్టం ఉంది, అది వచ్చేదాకా ఆగండి. అందులో ఏ బ్యూరో రిపోర్టు చూశారో ఉంటుంది. ఆ రిపోర్టుని 60 రోజుల్లోపు ఉచితంగా తెప్పించుకోవచ్చు. పేరు కలవకపోవడమో, ఎప్పుడో పెట్టిన క్రెడిట్ ఫ్రీజ్ (కొత్త బ్యాంకులు మీ రిపోర్టు చూడకుండా వేసిన తాళం) తీయకపోవడమో కారణమైతే బ్యాంకుకి ఫోన్ చేసి మళ్ళీ చూడమని మర్యాదగా అడగండి. చాలాసార్లు కొత్త ఎంక్వైరీ లేకుండానే పని అయిపోతుంది. హిస్టరీ చాలదని రాస్తే మాత్రం ఆరు నెలలు ఆగడమే మందు.

హెచ్4 (హెచ్1బీ వాళ్ళ డిపెండెంట్ వీసా) మీద వచ్చిన చెల్లెళ్ళు చాలామంది "నాకు ఉద్యోగం లేదు కదా, కార్డెందుకు" అనుకుంటారు. భర్త పాత కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా (ఆయన అకౌంటు మీదే మీ పేరుతో ఇంకో కార్డు) చేరితే ఆ హిస్టరీ సాధారణంగా మీ ఫైల్లోకీ వస్తుంది. 21 దాటితే, మీకు అందుబాటులో ఉండే ఇంటి ఆదాయం చూపించి సొంతంగా కూడా అప్లై చేయవచ్చు. 2013లో ఆ వెసులుబాటు ఇచ్చారు. ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే ట్యాక్స్ రిటర్న్‌తో పాటు ఐటిన్‌కి (ట్యాక్సుల కోసం ఇచ్చే నంబరు) అప్లై చేయండి, దాన్ని ఒప్పుకునే బ్యాంకులు ఉన్నాయి. ఈఏడీ (ఉద్యోగానికి అనుమతి కార్డు) వచ్చి ఎస్‌ఎస్‌ఎన్ చేతికందిన రోజున, ఐటిన్ మీద ఉన్న హిస్టరీని దానికి మార్చమని బ్యాంకుకీ మూడు బ్యూరోలకీ రాయండి.